ఇంటి నూనెకు ఆలివ్ కోత: చెట్టు నుంచి మిల్లు వరకు కాలమే కీలకం

ఇటలీలోని టస్కనీ ప్రాంతపు కొండవాలు గ్రామాల్లో ఏటా అక్టోబరు రెండో పక్షం నుంచి నవంబరు చివరి వరకు ఆలివ్ కోత సాగుతుంది. వ్యాపార సరళి తోటలతో పాటు ఇంటి అవసరాలకే ఉద్దేశించిన చిన్న తోటలు ఇక్కడ అనేకం. కొద్దిపాటి చెట్లున్న కుటుంబం కూడా ఆ కోతతోనే ఏడాదికి సరిపడా వంటనూనె సమకూర్చుకుంటుంది. ఫ్రాంతోయో, మొరాయోలో, లెచ్చీనో ఇక్కడి ప్రధాన రకాలు. 1985 జనవరిలో వచ్చిన తీవ్రమైన చలికి ఎన్నో చెట్లు నేలమట్టం వరకు ఎండిపోగా, వాటి మొదళ్ల నుంచి లేచిన పిలకలే చాలాచోట్ల నేటికీ కాపునిస్తున్నాయి.

పండు నూనె స్వభావం

వేరుశనగ, నువ్వుల వంటి పంటల్లో నూనె గింజలో ఉంటుంది. గింజలను బాగా ఎండబెట్టి నిల్వచేస్తే నెలల తర్వాతైనా గానుగ ఆడించుకోవచ్చు. ఆలివ్‌లో నూనె అధిక భాగం పండు గుజ్జులోనే ఉంటుంది. ఆ గుజ్జులో నీటి శాతమూ ఎక్కువే. కాయ నలిగినా, ఆలివ్ ఈగ పిల్లపురుగు తొలిచినా, కుప్పలో వేడెక్కినా లైపేజ్ ఎంజైమ్‌లు, సూక్ష్మజీవులు నూనెను విడగొట్టి స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలను పెంచుతాయి.

యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం ఈ ఆమ్లత 0.8 శాతం మించకపోతేనే ‘ఎక్స్‌ట్రా వర్జిన్’ శ్రేణి లభిస్తుంది. 2 శాతం దాటితే అది ‘లాంపాంతే’, అనగా దీపపు నూనె. శుద్ధి చేయనిదే అది వంటకు పనికిరాదు. ఇంటి స్థాయిలో శుద్ధి సాధ్యం కాదు కనుక, కోత తర్వాతి జాప్యం ఒక కుటుంబపు ఏడాది నూనెనే పోగొట్టగలదు.

చిన్న రైతు ఎదుర్కొనే చిక్కు

చెట్ల కింద వలలు పరచి, చేతి దువ్వెనలతో కొమ్మలను దువ్వి కాయలు రాల్చుతారు. ఈ పద్ధతిలో ఒక మనిషి రోజుకు కోసేది సుమారు ఒక క్వింటాలు. ఒక కుటుంబపు కాయలను విడిగా ఆడాలంటే మిల్లులు సాధారణంగా కొన్ని క్వింటాళ్ల కనీస పరిమాణం కోరుతాయి. ఇద్దరు ముగ్గురే ఉన్న కుటుంబానికి అంత కాయ కూడడానికి రోజులు పడుతుంది. ఈలోగా మొదటి రోజు కోసిన కాయ సంచుల్లో వేడెక్కి పులుస్తుంది. చివరి రోజు కాయ ఎంత తాజాగా ఉన్నా, పులిసిన కాయతో కలిసినప్పుడు మొత్తం నూనెకు ఆ వాసన పడుతుంది.

ఉమ్మడి కోత

దీనికి గ్రామాలు అనుసరించే మార్గం శ్రమను కలుపుకోవడం. బంధువులు, ఇరుగుపొరుగు కలిసి ఒక తోట ముగించి మరొక తోటకు వెళతారు. ముందుగా మిల్లులో సమయం నిర్ణయించుకొని, దానికి సరిపడేలా కోత ప్రారంభిస్తారు. కాయలను గాలి ఆడే క్రేట్లలో పలుచగా నింపి, వీలైతే అదే రోజు, లేకుంటే 24 గంటల్లోపు మిల్లుకు చేరుస్తారు. ఆడించినందుకు రుసుము డబ్బుగానో, నూనెలో వాటాగానో చెల్లిస్తారు.

అయితే పలువురి కాయలను ఒకే విడతగా ఆడించినప్పుడు ఒకరి నిర్లక్ష్యం అందరి నూనెనూ చెరుస్తుంది. ఆలివ్ ఈగ ఉధృతి ఇటలీ అంతటా పంటను దెబ్బతీసిన 2014 వంటి సంవత్సరాల్లో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. ఆమ్లత అంకె తెలిసేది నూనె వచ్చిన తర్వాతే. కనుక రంధ్రాలు పడిన కాయను, నేలరాలిన కాయను కలపరాదన్న ఒప్పందం కోతకు ముందే జరగాలి.

మిల్లులో, ఇంటిలో

కాయలను కడిగి, గింజతో సహా నలిపి, ముద్దను నెమ్మదిగా కలియతిప్పి, సెంట్రిఫ్యూజ్‌లో నూనెను వేరుచేస్తారు. ముద్ద ఉష్ణోగ్రత 27 డిగ్రీల సెల్సియస్ మించితే దానిని ‘కోల్డ్ ఎక్స్‌ట్రాక్షన్’ నూనెగా పేర్కొనరాదు. రకాన్ని, పక్వతను బట్టి క్వింటాలు కాయకు 12 నుంచి 18 కిలోల నూనె వస్తుంది. కాయ ఆకుపచ్చ నుంచి ఊదా రంగుకు మారే దశలో కోస్తే దిగుబడి కొంత తగ్గినా, పాలీఫినాళ్లు ఎక్కువగా ఉండి నూనె ఎక్కువ కాలం నిల్వ ఉంటుంది. దానిని మూతగల స్టీలు పాత్రల్లో, వెలుతురు తగలని చల్లని గదిలో ఉంచి, అడుగున చేరిన మడ్డిని తేర్చాలి.

ఆయిల్ పామ్ విస్తరణకు అన్వయం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో విస్తరిస్తున్న ఆయిల్ పామ్ కూడా గుజ్జు నుంచి నూనెనిచ్చే పంటే. గెలలు దెబ్బతిన్నా, మిల్లుకు ఆలస్యంగా చేరినా అందులోనూ లైపేజ్ చర్య వల్ల ఆమ్లత పెరుగుతుంది. అందుకే 24 గంటల్లోపు గెలలను మిల్లుకు చేర్చాలన్న సిఫారసు ఉంది. ఒక రైతు కోసిన గెలలు వాహనానికి చాలనప్పుడు జాప్యం తప్పదు. పక్కపక్క తోటల రైతులను బృందంగా కూర్చి, వాహనం, మిల్లు సమయం ఖరారయ్యాకే కోత తేదీ నిర్ణయించేలా విస్తరణ సిబ్బంది ప్రోత్సహించాలి. పక్వానికి రాని గెలలు, కుళ్లిన పండ్లు కలపరాదన్న నియమాన్ని బృందమే ముందుగా తీర్మానించుకుంటే, దాని అమలు బాధ్యతా బృందానిదే అవుతుంది.