వరి మెట్ల మీదుగా మూడు రోజులు

అన్నపూర్ణ పాదాల చెంత గురుంగ్ పల్లెల గుండా నడవదలచినవారు ముందుగా ఆలోచించుకోవలసిన సంగతులు

నేపాల్‌లోని మోదీ నది లోయలో నిలబడి తల ఎత్తి చూసేవారికి మొదట కొండ కనిపించదు, పొలాలే కనిపిస్తాయి. నది ఒడ్డున మొదలైన మడులు ఒకదానిపై ఒకటిగా, చాప వెడల్పున కొన్ని, పెండ్లి పందిరి వెడల్పున కొన్ని, పల్లెల దాకా ఎగబ్రాకుతాయి. పల్లెల పైన అడవి. అడవి పైన 7,219 మీటర్ల దక్షిణ అన్నపూర్ణ, 6,993 మీటర్ల మాఛాపుచ్ఛ్రే. ఈ రెండవ శిఖరం మత్స్యపుచ్ఛం వలె చీలి ఉంటుంది గనుక దానికి ఆ పేరు వచ్చింది.

ఘాంద్రుక్, లాంద్రుక్, ధంపుస్ గ్రామాలను కలుపుతూ ఈ లోయలో సాగే కాలిబాట మూడు రోజుల నడక. దీనికి పర్వతారోహణలో అనుభవం అక్కరలేదు. తాళ్లు, మంచుగొడ్డళ్లు అసలే అక్కరలేదు. కాని ముందుచూపు కావాలి. ఏ నెలలో వెళ్లాలి, ఎంత దూరం నడవాలి, ఎవరిని వెంట తీసుకుపోవాలి అనే మూడు ప్రశ్నలకు ఇంటి వద్దనే సమాధానం చెప్పుకున్నవారికి ఈ యాత్ర సుఖంగా సాగుతుంది.

పంటను బట్టి ప్రయాణం

మెట్ల పొలాలను చూడబోయేవారు పంట కాలాన్ని అనుసరించి బయలుదేరాలి. ఇక్కడ వరి వర్షాధారం. నేపాలీ పంచాంగం ప్రకారం అసార్ మాసం 15వ రోజున, అనగా జూన్ చివర, నాట్ల పండుగ జరుపుకుంటారు. ఆనాడు బురదమడులలో పాటలు, పరిహాసాలు. ఇంటింటా పెరుగు కలిపిన అటుకులు. చూడముచ్చటైన దృశ్యమే. కాని అప్పుడు శిఖరాలను మబ్బులు కప్పివేస్తాయి, రాతిమెట్లు పాచిపట్టి జారుతాయి, అడవిలో జలగలు పాదాలను వదలవు.

వానలు వెనుకబట్టిన తరువాత అక్టోబరు చివరి వారం నుండి నవంబరు మధ్య వరకు అనువైన కాలం. ఆకాశం నిర్మలంగా ఉంటుంది; కింది మడులలో వరి పండి బంగారు రంగుకు తిరుగుతుంది; కొన్నిచోట్ల కోతలు, నూర్పులు సాగుతూ ఉంటాయి. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. మన దసరాయే వారి దశైఁ. ఆ రోజులలో మార్గదర్శులు, కూలీలు తమ ఇండ్లకు వెళ్లిపోతారు. పండుగ తేదీలు చూచుకొని ఏర్పాట్లు ముందుగానే చేసుకోవాలి. డిసెంబరులో వెళ్లినవారికి శిఖరాలు దక్కుతాయి గాని, పొలాలలో మోళ్లే మిగులుతాయి.

మార్గం, మోకాళ్లు

గోరఖ్‌పూర్ వరకు రైలులో వచ్చి, సునౌలీ వద్ద సరిహద్దు దాటితే పోఖరా సుమారు 180 కిలోమీటర్లు. భారతీయులకు వీసా అవసరం లేదు; పాస్‌పోర్టు గాని, ఓటరు గుర్తింపు కార్డు గాని వెంట ఉండాలి. అన్నపూర్ణ సంరక్షిత ప్రాంతంలో ప్రవేశానికి అనుమతి పత్రం తీసుకోవాలి. సార్క్ దేశాలవారికి దాని రుసుము ఇతర విదేశీయులకంటె తక్కువ. నూరు భారతీయ రూపాయలకు 160 నేపాలీ రూపాయలన్న లెక్క 1993 నుండి మారలేదు. పల్లెలలో ఖర్చుకు కావలసిన చిల్లరను పోఖరాలోనే మార్చుకొనడం మంచిది.

మొదటి రోజు పోఖరా నుండి నయాపుల్ వరకు వాహనంలో వెళ్లి, అక్కడినుండి సుమారు 2,000 మీటర్ల ఎత్తునున్న ఘాంద్రుక్ చేరాలి. ఎక్కుడు ఇంచుమించు 900 మీటర్లు. ఇప్పుడు జీపు బాట ఈ కొండను చాలా దూరం ఎక్కింది. అయినా నడవగలవారు పాత రాతిమెట్ల దారి ఏదో మార్గదర్శిని అడిగి తెలుసుకొని ఆ దారినే పోవడం మేలు. రెండవ రోజు ఉదయం ఊరు చూచి, మోదీ నది వరకు దిగి, ఎదుటి గట్టునున్న లాంద్రుక్ ఎక్కాలి. మూడవ రోజు తోల్కా, పోఠనా మీదుగా ధంపుస్ చేరితే, అక్కడినుండి పోఖరాకు వాహనాలు దొరుకుతాయి.

ఈ ఎత్తులలో ప్రాణవాయువు కొరత బాధించదు, బాధించేవి మోకాళ్లే. అలిపిరి నుండి తిరుమలకు 3,550 మెట్లు ఎక్కినవారికి ఆ శ్రమ ఎంతటిదో తెలుసు. అయితే తిరుమలలో దిగేటప్పుడు బస్సు ఉంటుంది. ఇక్కడ దిగుడు కూడా కాళ్లమీదనే. ప్రయాణానికి నెలరోజుల ముందునుండి మెట్లు ఎక్కడమే కాక, దిగడం కూడా అభ్యాసం చేయాలి. అదే మూడు రోజులలో 3,210 మీటర్ల పూన్ హిల్‌ను కూడా ఇరికించాలని ప్రయత్నించేవారు ఏ ఊరినీ చూడరు. తమ కాలి కింది మెట్లనే చూస్తారు.

వెంట వచ్చే మనిషి

విదేశీ పాదయాత్రికులు లైసెన్సు గల మార్గదర్శిని వెంట ఉంచుకోవాలని నేపాల్ పర్యాటక మండలి 2023 ఏప్రిల్ 1 నుండి నిబంధన పెట్టింది. నిబంధన కొరకు ఎవరినో ఒకరిని తీసుకుపోవడం వేరు, తగిన మనిషిని ఎన్నుకొనడం వేరు. అతనిది ఏ ఊరు? గురుంగ్ భాష వచ్చునా? మూటలు మోసే కూలీకి మంచి చెప్పులు, బీమా ఉన్నవా? ఈ ప్రశ్నలు బేరానికి ముందే అడగాలి. ఇద్దరి మూటలు ఒక్కరి వీపున మోపి మిగిల్చుకునే డబ్బు మంచి పొదుపు కాదు.

తగిన మార్గదర్శి దారి చూపడంతో సరిపెట్టడు. కంచరగాడిదల బిడారు ఎదురైనప్పుడు లోయ అంచున గాక కొండవైపున ఒదిగి నిలబడాలని చెబుతాడు. పొలం గట్లపై నడవవద్దని వారిస్తాడు. నీరు నిలిచే వరిమడిని ‘ఖేత్’ అనీ, నీరు జారిపోయేలా వెలుపలికి వాలుగా ఉంచిన మెట్టచేనును ‘బారీ’ అనీ వేరుచేసి చూపుతాడు. ఊళ్లకు చేరువయ్యే కొద్దీ వరి తగ్గి మొక్కజొన్న, ‘కోదో’ కనిపిస్తాయి. ఈ కోదో అరికెలు కావు, మన రాగులే. ఆ పిండితో వండే ‘ఢిండో’ రాయలసీమ సంగటికి దగ్గరి చుట్టం.

బసలలో వడ్డించే తెల్లని అన్నం చాలాసార్లు తరాయి మైదానాల నుండో, భారతదేశం నుండో వచ్చిన బియ్యం. ఆ కొండమీద పండినది తినదలచినవారు ముందురోజే ఢిండో కావాలని చెప్పాలి. ఆ మేరకు డబ్బు ఆ చేనుకే చేరుతుంది.

పై మడి, కింది మడి

ఘాంద్రుక్‌లో నాపరాళ్లు పరచిన వీధులు, పలకరాళ్ల కప్పులు గల ఇండ్లు చూడదగినవి. వీటిలో చాలా ఇండ్లు సైనికుల పింఛనులతో లేచినవి. తరతరాలుగా గురుంగ్ యువకులు బ్రిటిష్, భారత సైన్యాలలో పనిచేశారు. అందువల్ల అరుగుమీద కూర్చున్న వృద్ధుడు హిందీలో పలకరిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. 1986లో అన్నపూర్ణ సంరక్షణ పథకం మొదలైనది కూడా ఈ గ్రామంలోనే. వంటచెరకు కొరకు అడవి కరిగిపోతుండగా, యాత్రికుల రుసుమును అడవి రక్షణకు, గ్రామాల అభివృద్ధికి మళ్లించడం దాని పద్ధతి. బాటలు బాగుచేయడంలో ‘ఆమా సమూహ్’ అనే తల్లుల సంఘాల శ్రమ ఎంతో ఉన్నది.

అయితే నేడు యువకులు గల్ఫ్ దేశాలకు, మలేషియాకు పోతున్నారు. వలస వెళ్లినవారు పంపే సొమ్ము నేపాల్ జాతీయోత్పత్తిలో ఇంచుమించు నాలుగవ వంతు. సొమ్ము వస్తుంది, గట్టు వేసే చేయి రాదు. నేపాల్ కొండలలో అనేకచోట్ల మెట్ల పొలాలు బీడుపడుతున్నవి. మైదానంలో బీడుపడిన పొలం ఒక్కరి నష్టం. ఇక్కడ అట్లా కాదు. గట్టు బాగుచేయని మడిలో నీరు నిలిచి, ఇంకి, గోడను నెట్టివేస్తుంది. ఆ మట్టి, రాళ్లు కింది వాని పంటమీద పడతాయి. పై మడిని వదిలివేస్తే కింది మడి నిలవదు.

మూడు రోజుల యాత్రికుడు ఆ గట్టును నిలబెట్టలేడు. కాని అతడు ఊరిలో గడిపే ప్రతి రాత్రి, స్థానికునికి ఇచ్చే ప్రతి కూలి, అడిగి తినే ప్రతి ఢిండో ముద్ద ఎవరో ఒకరికి ఊరిలోనే ఉండిపోవడానికి కొంత ఆధారమవుతాయి. ధంపుస్ నుండి వెనుదిరిగి చూస్తే శిఖరాలు మునుపటివలెనే ఉంటాయి. ఎవరు వచ్చినా, రాకపోయినా అవి అక్కడే ఉంటాయి. వాటి కింది పొలాలు మాత్రం మనుషులు ఉన్నంతకాలమే ఉంటాయి.