ఇంటిముంగిలి, ఊరిబాట

గుంటూరు పట్టణమును రైలుకట్ట రెండుగా చీల్చినది. ఒకవైపున పాతగుంటూరు, కొత్తపేట, పెద్దాసుపత్రి. వేరొకవైపున అరండల్‌పేట, బ్రాడీపేట, లక్ష్మీపురము. ఈ రెండు భాగములను కలుపుచు 1958లో నిర్మింపబడిన శంకరవిలాస్ వంతెన ఆరుపదుల యేండ్లకు పైగా పట్టణభారమునెల్ల మోసి అలసిపోయినది. దానికి బదులు నాలుగు వరుసల నూతన సేతువును నిర్మించుటకు కేంద్రప్రభుత్వము 98 కోట్ల రూపాయలు మంజూరు చేయుటయు, 2025 మే నెలలో శంకుస్థాపన జరుగుటయు, ఆ యేడే పాతవంతెన మూయబడుటయు పాఠకులెరిగినవే. నూతన సేతువు కావలెననుటలో మాకు సందేహము లేదు. ఆస్తులు కోల్పోవువారి నష్టపరిహార వివాదము వేరు; దానిని నేడిచ్చట ముట్టము. మేము చెప్పదలచినది వంతెనను గూర్చి కాదు, వంతెన మూసినందున బాటలైపోవు వీథులను గూర్చి.

కాలువకు అడ్డుకట్ట వేసినచో నీరు ఆగిపోదు, పల్లమును వెదకుకొనును. వాహనముల తీరును అట్టిదే. కంకరగుంట వంతెన మీదుగా పొండు, మూడువంతెనల క్రిందుగా పొండు అని అధికారులు చెప్పవచ్చును. బస్సులును లారీలును ఆ మాట వినును. కాని ద్విచక్రవాహనము నడుపువాడు, ఆటోవాడు, పనితొందరలోనున్న కారువాడు ప్రక్కసందులోనికి చూచును. వెనుకటికి సందుల గుట్టు ఆ పేటవారికే తెలిసెడిది. నేడు చేతిలోని ఫోను ఊరుగానివానికి సైతము ఏ మలుపున తిరిగినచో రెండు నిమిషములు కలిసివచ్చునో చెప్పుచున్నది. ఆ రెండు నిమిషముల లాభము బాటసారిది. దాని ఖరీదు చెల్లించువారు ఆ సందులోని గృహస్థులు.

బ్రాడీపేట, అరండల్‌పేటలు దొరల పేళ్లు మోయు పేటలు. పురపాలక సంఘము 1866లో ఏర్పడిన ఈ పట్టణమునకు ఇవి తరువాతి కాలపు విస్తరణములు గనుక, పాతబస్తీవలె వంకరటింకరగా పెరుగక, నూలు పట్టి గీచినట్లు చదరంగపు గళ్లవలె ఏర్పడినవి. ఇచ్చటి చిరునామా గణితములోని భిన్నము వంటిది. నాలుగు బై పదునాలుగన్నచో నాలుగవ లైను, పదునాలుగవ అడ్డరోడ్డు. తపాలాబంట్రోతునకు ఇంతకంటె సుఖము లేదు. అయితే ఈ సుఖమే నేడు శాపమగుచున్నది. పాతగుంటూరు సందులోనికి తెలియక దూరిన కారు మూడవ మలుపున ఇరుకున పడి బుద్ధి తెచ్చుకొనును. వంకరసందు తన్ను తానే కాపాడుకొనును. గళ్లపేటలో ఏ సందున దూరినను ఏదో యొక సందున తేలవచ్చును. జట్కాలును సైకిళ్లును తిరుగు కాలమున ఇందువలన హాని లేకుండెను.

ఇట్టి వీథులలోని వారి భయమేమి? ధూళి, మోత, ప్రమాదము అని మూడు మాటలలో చెప్పివేయవచ్చును గాని, అసలు సంగతి ఆ మూటితో తీరదు. మన ఇండ్లకు వీథి కేవలము దారి కాదు, ఇంటికి వెలుపలి గది. ధనుర్మాసమున తెల్లవారుజామున ఇల్లాలు ముగ్గు వేయునది అచ్చటనే. కూరగాయల తోపుడుబండి ఆగునది, పిల్లలు బంతియాడునది, కంటిచూపు తగ్గిన వృద్ధుడు ఊతకఱ్ఱ పట్టుకొని గుడివరకు పోయివచ్చునది అచ్చటనే. బండ్ల వరుస మొదలైన పిమ్మట ఎవరును ఆజ్ఞాపించకయే ఇవన్నియు ఒకటొకటిగా అడగిపోవును. మొదట పిల్లలు లోనికి పోవుదురు. పిదప వృద్ధులు. తరువాత వీథివైపు కిటికీ మూతపడును. ముగ్గు గేటు లోపలికి తరలును. ఇది ఏ లెక్కలలోను ఎక్కని నష్టము; ఫిర్యాదు వ్రాయబోయినను దీనికి కాగితము మీద మాట దొరకదు.

లెక్కకు ఎక్కదంటిమి గాని, ఒకచోట ఎక్కినది. అమెరికాలోని సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున డోనాల్డ్ ఆపిల్‌యార్డ్ అను నగరనిర్మాణ పండితుడు 1969 ప్రాంతమున మూడు వీథులను పరిశీలించెను. మూడింటికిని భేదమెల్ల వాహనముల రాకపోకలలోనే. ఒకదానిలో దినమునకు ఇంచుమించు 2,000, రెండవదానిలో 8,000, మూడవదానిలో 16,000 బండ్లు తిరుగుచుండెను. బండ్లు తక్కువగా తిరుగు వీథిలో ఒక్కొక్కరికి అదే వీథిలో సగటున ముగ్గురు స్నేహితులుండగా, బండ్లు క్రిక్కిరిసిన వీథిలో ఆ సగటు ఒకటికైనను చేరలేదు. ఇండ్లు అచ్చటనే యున్నవి, గోడలు అచ్చటనే యున్నవి. ఇరుగుపొరుగు మాత్రము లేదు. ఈ పరిశోధనలను 1981లో గ్రంథముగా ప్రకటించిన ఆ పండితుడు మరుసటి యేడే ఏథెన్సు నగరమున వేగముగా వచ్చిన కారు ఢీకొని మరణించుట విధివిలాసము.

ఇంతమాత్రమున వీథివారు చెప్పునదంతయు న్యాయమని మేమనజాలము. వీథి పురపాలకసంఘపు సొత్తు. అనగా పట్టణమంతటి సొత్తు. ప్రత్తిపాడునుండియో సత్తెనపల్లినుండియో ప్రాణము మీదికి వచ్చిన తల్లిని పెద్దాసుపత్రికి కొనిపోవు రైతునకు ఆ సందు గుండా పోవు హక్కు లేదని చెప్పు నోరెవరిది? ఆ రైతు కుమారుడే బ్రాడీపేటలో గది యద్దెకు తీసికొని చదువుకొనుచుండవచ్చును. నేడు సందువాడైనవాడు రేపు బాటసారి. పేటల మొదట ఇనుపగేట్లు బిగించి తాళములు వేసికొను వాడుక కొన్ని నగరములలో ప్రబలినది. అది పౌరధర్మము కాదు. మరియొక మాట. తన యింటి ముందు రెండు కార్లు నిలిపి, వానికొరకు సిమెంటు వాలును కాలువ దాటించి వీథిలోనికి చాచుకొన్న గృహస్థుడు, ఇతరుల కార్లవలన వీథి ఇరుకైనదని వాపోవుట కొంత విడ్డూరముగా నుండును. వీథి ఇరుకగుటలో ఇంటివారి భాగమెంతో కొలచి చూచినచో కొందరు మౌనము వహింపవలసివచ్చును.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున ఒక్కొక్క త్రోవకు ఒక్కొక్క వెడల్పు విధించెను. రథములకు వేరు, పశువులకు వేరు, మనుష్యులకును చిన్నపశువులకును వేరు. మనుష్యుల కాలిత్రోవ రెండు మూరలే. కాని ఆ రెండు మూరల త్రోవను అడ్డగించినవానికి 12 పణముల దండువు వేసెను. త్రోవ చిన్నదైనంత మాత్రమున దాని హక్కు చిన్నది కాదని ఆ శాస్త్రకారుని భావము. అన్ని వీథులును అన్ని వాహనములకును సమానమే యనుట సమత్వమువలె కనబడునే గాని, కాలినడకవానిని లారీతో పోటీకి దింపుటయే యగును.

మా పాఠకులలో పొలములు గలవారు పెక్కుమంది. వారికి ఈ చిక్కు క్రొత్తది కాదు. ఊరి డొంక వానకు దిగబడిపోయినప్పుడు ప్రక్క ఆసామి తన చేలోనుండి బండ్లను పోనిచ్చుట మన సీమలో వాడుక. కాదనుట మర్యాద కాదు. ప్రత్తిమూట ఇల్లు చేరవలెను, మిరపకాయ కల్లము చేరవలెను. కాని డొంక ఆరినపిమ్మట ఆ ఆసామి చేయు మొదటి పని యేమి? బండిజాడల మీదుగా నాగలి సాగించును. పొరుగువానిపై కోపము చేత కాదు. పోనిచ్చిన త్రోవ పోగా పోగా హక్కుగా మారునని ఆయన యెరుగును. అడ్డులేక ఇరువదియేండ్లు నడచిన త్రోవకు హక్కు సిద్ధించునని 1882 నాటి అనుభవహక్కుల చట్టము చెప్పుచున్నది. ఆ చట్టమును చదువని రైతునకును నాగలి ఎప్పుడు పట్టవలెనో తెలియును. పట్టణమున సందులోని గృహస్థునకు నాగలి లేదు. వంతెన పూర్తియైనపిమ్మట ఈ సందు మరల సందగునా, లేక అలవాటుపడిన బండ్లు అట్లే తిరుగుచుండునా యని ఆయన అడుగవలసియున్నది. అడిగినను చెప్పువాడెవడు? ఇదియే మాకు తోచిన అసలు ప్రశ్న. వంతెన పనికొరకు కొంతకాలము బాధపడుటకు మన ప్రజలు వెనుదీయరు. కొంతకాలమనగా ఎంతకాలమో చెప్పకుండుటయే బాధను భయముగా మార్చుచున్నది.

చట్టమున ఒక వింత కలదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 115వ నిబంధన ప్రకారము, ప్రజల క్షేమముకొరకో సౌకర్యముకొరకో ఒక రోడ్డుపై ఫలానా తరగతి వాహనములు పోరాదని ప్రభుత్వమును, అది అధికారమిచ్చినవారును నిషేధింపవచ్చును. ఆ నిషేధము ఒక నెలకు మించినచో గెజిటులో ప్రకటింపవలెను. నెలకు లోబడినదైనచో స్థానికముగా చాటిన చాలును. ఇది సముచితమే. కాని ప్రశాంతమైన సందులోనికి దినమునకు వేలకొలది బండ్లను మళ్లించుటకు గెజిటు అక్కరలేదు, చాటింపు అక్కరలేదు, సందువారితో ఒక్కమాట అక్కరలేదు. ప్రధాన రోడ్డును మూసినచో సందు తనంతట తెరచుకొనును. మూయుటకు ముద్ర కావలెను. తెరచుటకు ఎవని సంతకమును లేదు గనుక ఎవని బాధ్యతయు లేదు. మోత సంగతియు ఇంతే. నివాసప్రాంతమున పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45 మించరాదని 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు చెప్పుచున్నవి. మోతగొట్టము తీసివేసిన ఒక్క మోటారుసైకిలు అర్ధరాత్రి ఆ అంకెను ఎగతాళి చేయగలదు.

ఈ సీమవారికి పురపాలక సంఘముతో పేచీ క్రొత్తది కాదు. నాడు గుంటూరు జిల్లాలోనిదైన చీరాలలో, పేరాలతో కలిపి ప్రజల ఇష్టమునకు వ్యతిరేకముగా పురపాలక సంఘమును రుద్దినప్పుడు, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున వేలాది జనము ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామ్‌నగరము కట్టుకొని, నెలల తరబడి పాకలలో నివసించిరి. బ్రాడీపేట సందును ఆ మహోద్యమముతో పోల్చుట మా యుద్దేశము కాదు, పోల్చినచో నవ్వులపాలగుదుము. అయితే నాటి పేచీ మూలము పన్ను మాత్రమే కాదు, అడుగకుండుటయును. 1992 నాటి 74వ రాజ్యాంగసవరణ మూడులక్షలు మించిన జనము గల నగరములకు వార్డు సంఘములను విధించినది. ఆరులక్షలు దాటిన గుంటూరు, 2010 మొదలు 2021 వరకు ఎన్నికైన పాలకవర్గమే లేక అధికారుల చేతిలో నుండినది. అడుగుట యను అలవాటే తప్పిపోయిన చోట, సందువారిని పిలిచి అడుగుడని మేము కోరుట కొందరికి వింతగా తోచవచ్చును.

పిలిచి అడిగినచో ఏమగును? నెదర్లాండ్సు దేశమున డెల్ఫ్ట్ పట్టణమున 1960ల చివర కొన్ని వీథులవారు బండ్ల ఉపద్రవమునకు విసిగి, వీథిలో చెట్లతొట్లును బల్లలును నడుమ నడుమ అమర్చి, బండి మెల్లగా మలుపులు తిరుగుచు పోవలసినట్లు చేసిరి. బండ్లను నిషేధింపలేదు, మనిషి నడకకు లొంగి నడువుమనిరి. 1976లో ఆ దేశపు శాసనమే అట్టి వీథులను గుర్తించి వూనెర్ఫ్ అను పేరిచ్చెను. నివాసప్రాంగణమని ఆ మాటకర్థము. మన ముంగిలి యను మాటకు అది ఎంతో దూరము కాదు.

గుంటూరున అంత చేయుమని మేమడుగము. లారీలు, ట్రాక్టర్లు ఈ పేటలకు రాకుండ చేయుట తక్షణ కర్తవ్యము. మిరపకాయల కాలమున నరసరావుపేట రోడ్డు మీది యార్డుకు టిక్కీలు మోసికొనివచ్చు బండ్లు లోపలి వలయరహదారిని విడిచి ఒక్క దినము దగ్గరిదారి రుచి మరిగినచో మరల వానిని మరలించుట కష్టము. ఒక లైను పోవుటకు, ప్రక్కలైను వచ్చుటకు అని ఏర్పరచినచో ఎదురుబండ్ల రాపిడి తగ్గును. ఆసుపత్రికి పోవు వాహనములకు ఒక లైనును విడిగా నిర్ణయించి, అందులో ఇరువైపుల కార్లు నిలుపుటను మాన్పవలెను. ఇందుకు ఇంటివారును ఒప్పుకొని తీరవలెను. బడులు విడుచు గంటలో మలుపులకడ ఒక్కొక్క పోలీసు నిలిచిన చాలును.

వీనికి పెద్ద ధనము అక్కరలేదు. 98 కోట్ల పనిలో ప్రతి సందు మొదట ఒక పలక నాటించుట భారము కాదు. ఈ వీథి ఏ తేదీ వరకు బాటగా వాడబడునో, ఏ బండ్లు రాకూడదో, ఆజ్ఞ మీరినచో ఎవరికి చెప్పుకొనవలెనో ఆ పలకపై తెలుగున వ్రాయవలెను. పని ఆలస్యమైనచో పాత తేదీని కొట్టివేసి క్రొత్త తేదీని అచ్చటనే వ్రాయవలెను. నగరపాలక కమిషనరును పోలీసు అధికారులును ఒక సాయంకాలము ఒక అడ్డరోడ్డు వంతున వచ్చి కూర్చుండి ఆ తేదీని చదివి వినిపించినచో, ఆ వీథివారు అడుగు ప్రశ్నలను వ్రాసికొనుటకు ఒక గుమాస్తాను వెంట తీసికొనిరావలెను.