తాబేలును ఫ్రిజ్‌లో నిద్రపుచ్చడం

ఈమధ్య మన సభ్యుల ఇళ్లలో పిల్లలు ముచ్చటపడి తాబేళ్లను పెంచుతున్నారు. అక్టోబరు వచ్చేసరికి అందరూ అడిగేది ఒకటే: "మాది తిండి తగ్గించేసింది, ఇక నిద్రపుచ్చాలా?"

ముందు మీది ఏ జాతిదో తెలుసుకోండి. ఇక్కడ బ్రిటన్‌లో ఎక్కువగా పెంచే హెర్మన్, స్పర్‌థై, హార్స్‌ఫీల్డ్ తాబేళ్లకు చలికాలపు నిద్ర సహజం. మన శ్రీకూర్మం గుడిలో చూసిన నక్షత్ర తాబేలుకు ఆ అలవాటు లేదు. లెపర్డ్, సల్కాటా కూడా అంతే. వాటిని చలిలో పెడితే నిద్రపోవు, జబ్బుపడతాయి. ఏడాది పొడవునా హీట్ ల్యాంప్ ఉండాల్సిందే. నిద్రపోయే జాతిదైనా సరే, బరువు తక్కువగా ఉన్నా, ఒంట్లో బాగాలేకపోయినా ఆ ఏడాదికి మెలకువగానే ఉంచాలి. అందుకే ముందుగా వెటర్నరీ డాక్టరుకు చూపించండి.

మా మొదటి ఏడాది అట్టపెట్టెలో గడ్డి పరిచి గరాజ్‌లో పెట్టాం. ఫిబ్రవరిలో నాలుగు రోజులు ఎండ కాసింది. అది లేచి పెట్టెను గీరుతోందని గమనించేసరికి బాగా నీరసించిపోయింది. నెల రోజులు డాక్టరు చుట్టూ తిరిగాం. ఇక్కడి చలిని నమ్మలేం. సున్నాకు దిగితే కళ్లు దెబ్బతిని చూపే పోవచ్చు. 10 డిగ్రీలు దాటితే లేచి, తిండి లేకుండానే ఒంట్లో ఉన్నది కరిగించుకుంటుంది. కావలసింది నిలకడగా 5 డిగ్రీలు. అది ఇచ్చేది ఫ్రిజ్ ఒక్కటే. "బతికున్న ప్రాణిని ఫ్రిజ్‌లో పెడతావుటే?" అని మా అత్తగారు రెండు రోజులు మాట్లాడలేదు!

నిద్రకు ముందు పెద్దవాటికి మూడు, నాలుగు వారాలు తిండి ఆపాలి. పిల్లలకు ఇంకా తక్కువ. కడుపులో మిగిలిన ఆకు చలికి అరగక కుళ్లిపోతుంది. తిండి ఆపినా నీళ్లు ఆపకూడదు. రోజూ గోరువెచ్చని నీళ్లలో కాసేపు కూర్చోబెడితే తాగుతుంది, కడుపూ ఖాళీ అవుతుంది. ఆ తర్వాత కొద్దికొద్దిగా చల్లబరచాలి.

ఫ్రిజ్ విడిగా ఉంటే మంచిది. పాలకోసం గంటకోసారి తలుపు తీసే ఫ్రిజ్‌లో వేడి నిలవదు, శుభ్రతా ఉండదు. తాబేలును పెట్టకముందే వారం పాటు ఖాళీగా నడిపి, 3 నుంచి 7 డిగ్రీల మధ్యే ఉంటోందో లేదో డిజిటల్ థర్మామీటరుతో చూసుకోండి. ఖాళీ అరల్లో నీళ్ల సీసాలు పెడితే చల్లదనం నిలకడగా ఉంటుంది. గాలిరంధ్రాలున్న పెట్టెలో మట్టి పోసి అందులో పెట్టండి. రోజుకోసారి తలుపు తీసి గాలి ఆడనివ్వండి.

వారానికోసారి తూచి రాసుకోండి. మొదటి బరువులో పదోవంతు తగ్గకముందే లేపేయాలి. నిద్రలో మూత్రం పోస్తే బరువు సంగతి చూడకుండా ఆరోజే లేపాలి, ఒంట్లో దాచుకున్న నీరు పోయినట్టే.

మేం దీపావళి దాటాక తిండి ఆపుతాం, రథసప్తమి ప్రాంతంలో లేపుతాం. మొదటిసారి నిద్రపోయే పిల్లకు కొద్ది వారాలు చాలు. లేచిన రోజే గోరువెచ్చని స్నానం, పైన ల్యాంప్. ముందు తాగాలి, తర్వాతే తిండి. వారం గడిచినా ముట్టకపోతే ఆగకుండా డాక్టరుకు ఫోన్ చేయండి.