హానీ రైతుల యింట బస

చైనా దేశమునకు బోవు యాత్రికులలో పెక్కుమంది బీజింగు, షాంఘై నగరములను జూచి మరలివత్తురు. సేద్య మెఱిగినవారు చూడదగిన చైనా వేఱొకటి కలదు. అది నైరృతిమూలనున్న యూనాన్ రాష్ట్రములో, ఎఱ్ఱనదికి దక్షిణముగా, ఐలావ్ కొండల వాలులందున్నది. అచట హానీలను జాతివారు సుమారు 1,300 సంవత్సరములుగా కొండను మెట్లు మెట్లుగా మలచి వరి పండించుచున్నారు. 2013లో యునెస్కో సంస్థవారు దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగా నంగీకరించిరి. ఆ హద్దులలో అడవి, ఊళ్లు, మళ్లు అన్నియు గలిపి 16,603 హెక్టారులు, అనగా మన లెక్కకు సుమారు 41 వేల యెకరములు. గ్రామములు 82.

కున్మింగు నగరమునుండి జియాన్‌షుయి పట్టణము మీదుగా యువాన్‌యాంగ్ తాలూకా చేరవచ్చును. హోటళ్లున్నను రైతు యింట దిగుటయే లాభము. అయితే విదేశీయు డొకరి యింట బస చేసినచో 24 గంటలలోపల అతడుగాని, ఇంటివారుగాని స్థానిక పోలీసుఠాణాలో ఆ సంగతి నమోదు చేయింపవలెనని 2013 జులై 1వ తేదీనుండి అమలునందున్న చట్టము. హోటలువారైన తామే చేయుదురు. గృహస్థునకు మనమే జ్ఞాపకము చేయుట మంచిది, లేనిచో చిక్కు ఆయనకును వచ్చును. బస సొమ్మిచ్చి పొందునదే గనుక వెల ముందుగా నడుగుట ఉభయులకు మేలు.

పాతకాలపు హానీ యిల్లు మట్టిగోడలతో, గడ్డికప్పుతో దూరమునుండి పుట్టగొడుగువలె గన్పట్టును. క్రింద పశువులు, పనిముట్లు; నడుమ మనుష్యులు, పొయ్యి; పైన ధాన్యము. అతిథికి పొయ్యిచెంతనే ఆసనము. ఎఱ్ఱబియ్యపు టన్నము, మడిలోనే పెరిగిన చేప, ఉప్పులో నూరిన బాతుగ్రుడ్డు భోజనము. ముసలివారిలో ననేకులకు చైనా రాజభాష రాదు, హానీ భాషయే, సైగలతోనే సంభాషణ. కాని నారుమడిని, గట్టును, ఎనుబోతును చూపి మాటలాడుటకు రైతునకు భాష యెంత కావలెను?

ఇక నీటి సంగతి. కొండకొనల నడవులు, వాని క్రింద ఊళ్లు, ఊళ్ల క్రింద మళ్లు. అడవిలో ఊరిన నీరు కాలువలవెంట ఊరిగుండ దిగి మడినుండి మడికి జారుచు తుదకు నది జేరును. అడవి నఱికిన మడి యెండునని వారికి చెప్పనక్కఱలేదు. ఆ అడవిలో దేవతయున్నదని కొలుతురు. ఊరిలోని పెంటగుంట యెరువును కాలువనీటిలో గలిపి మళ్లకు దిగజార్చుట మఱొక నేర్పు. ఎరువు మోయు కూలి మిగులును.

నీటి పంపకమునకు కాలువ కడ్డముగా నొక కొయ్యదూలమునో ఱాతినో పెట్టి, అందు గాళ్లు కొట్టుదురు. ఒక్కొక్క గాడి వెడల్పు ఆ గాడి క్రింది భూమినిబట్టియు, కాలువ త్రవ్వకమున వారు పడిన కష్టమునుబట్టియు నిర్ణయము. కాలువ కాచువానిని ఊరివారే యెన్నుకొని పంటనాడు ధాన్యమిత్తురు. మన చెరువుల క్రింద పూర్వము నీరుగంటి యుండిన రీతియే యిది. గాడిని దొంగతనముగా పెద్దది చేసినచో అందఱి కంటను బడును గనుక తగవులు తక్కువ. ఏ లిఖితశాసనమును ఇంత సులభముగా నమలుకాదని నాకు దోచినది.

ఏడాదికి పంట యొక్కటే. కోతయైన పిదప శీతకాలమంతయు మళ్లు నీటితోనే యుంచవలెను. నీరు దీసిన గట్లు పగులును. పగిలిన గట్టు క్రింది వాని మడినిగూడ చెఱచును. కావుననే నేటి చిక్కు పెద్దది. వరివలన వచ్చు రాబడి చాలక యువకులు పట్టణముల కూలికి పోవుచున్నారు. కొన్ని మళ్లు మెట్టపైరులకు మారినవి. యాత్రికుల రాకతో బయటివారు వచ్చి యిండ్లను బాడుగకు గొని సత్రములు నడుపగా, లాభము వారికి, గట్టు వేయు పాటు ఊరివారికి మిగిలినది.

దీనికి 2018లో అజెకె యను చిన్న గ్రామమున నొక యుపాయము మొదలైనది. సన్‌యత్సేన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు బావ్ జిగాంగ్ బృందమువారి సాయమున గ్రామస్థులు సమష్టిగా నొక యాత్రాసంస్థను స్థాపించుకొనిరి. ఇండ్లను బయటివారికి బాడుగకియ్యరాదు, అమ్మరాదు, బయటి పెట్టుబడి తేరాదు, పాతకట్టడమును పాడుచేయరాదు. ఇవి కట్టుబాట్లు. ఆదాయములో నూటికి 30 వంతులు సంస్థ ఖర్చులకు, 70 వంతులు గ్రామస్థులకు. ఆ 70 వంతులను పంచు రీతి మన సంఘసభ్యులు గమనింపదగినది: పాతయింటిని కాపాడినందులకు నూటికి 40, వరిమడిని నిలిపినందులకు 30, ఊరిలో కాపురమున్నందులకు 20, ఊరి దాఖలాలో పేరున్నందులకు 10. మడిని పాడుపెట్టి పట్టణమునకు బోయిన కుటుంబమునకు మడి భాగమును లేదు, కాపురపు భాగమును లేదు. పేరు మాత్రము చెడక యున్నచో ఆ కడపటి పదియే దక్కును.