బొగ్గుసీమలో ఎఱ్ఱజెండా

చెల్పూరు చెంతనున్న కాకతీయ విద్యుత్కేంద్రము మన యిండ్ల దీపములకై బొగ్గును మండించుచున్నది. అందు 500 మెగావాట్ల యంత్రము 2010లోను, 600 మెగావాట్లది 2016లోను పనికి వచ్చినవి. బొగ్గు త్రవ్వు కార్మికుల కుటుంబములు సమీపముననే, భూపాలపల్లిలో, గలవు. మగడు గనిలోనికి దిగినది మొదలు తిరిగి వచ్చువఱకును వాకిలివైపు చూచు నిల్లాలికి, గని పైకప్పు నిలుచునా, జీతము చాలునా యనునవి సంసారపు మాటలే. ఆ మాటలను సభలలో వినిపింతుమని చెప్పుకొను ఎఱ్ఱజెండా పక్షములను గూర్చి యించుక విచారింతము.

మన బొగ్గుగనుల కథ ఇల్లెందులో మొదలైనది. 1871లో అచ్చట బొగ్గు కనుగొనబడెను. సింగరేణి సంస్థ ఆ పేర 1920 నుండి నడచుచున్నది. నేడందు తెలంగాణ ప్రభుత్వమునకు నూటికి 51 వంతులు, కేంద్రమునకు 49 వంతులు గలవు. గనులతో కార్మికసంఘములును, సంఘములతో ఎఱ్ఱజెండాయును వచ్చినవి. 2023లో తెలంగాణ శాసనసభకు భారత కమ్యూనిస్టు పక్షము గెలిచిన స్థానము ఒక్కటే. అది సింగరేణికి ముఖ్యస్థానమైన కొత్తగూడెము. ఆ సంవత్సరమే డిసెంబరు 27న జరిగిన కార్మికసంఘ గుర్తింపు ఎన్నికలలో ఆ పక్షమునకు చెందిన ఏఐటీయూసీ సంఘము నెగ్గెను.

దానికంటెను చిన్నదైన పక్షమొకటి ఇల్లెందున వేరూనినది. పిదప న్యూడెమోక్రసీ యని పేరొందిన మార్క్సిస్టు లెనినిస్టు వర్గమది. ఆదివాసులకు ప్రత్యేకింపబడిన ఆ స్థానమునుండి శ్రీ గుమ్మడి నర్సయ్యగారు 1983 మొదలు అయిదు పర్యాయములు శాసనసభకు ఎన్నికైరి. పదవిలో నుండియు వారు బస్సులోనే ప్రయాణించుచు సామాన్య గృహస్థునివలె జీవించిరి. శ్రీకృష్ణుడు దుర్యోధనుని మేడను కాదని విదురుని యింట భుజించెనని భారతమున చదివియున్నాము. బీదవారి నమ్మకమును ఆడంబరములేని గడపనే వెదకుచుండును గాబోలు!

ఇట్టి యుదాహరణము మన సీమకే పరిమితము గాదు. ఝార్ఖండు రాష్ట్రమున ధన్‌బాద్ బొగ్గుగనులలో శ్రీ ఎ. కె. రాయ్ గారు మార్క్సిస్టు సమన్వయ సమితి యను పక్షమును స్థాపించిరి. వారు 1977లో చెఱలోనుండియే లోక్‌సభకు ఎన్నికైరి. 1980, 1989 సంవత్సరములలో మరల గెలిచిరి. సభ్యులకు పింఛను తగదని వాదించి, తామును దానిని అనుభవింపలేదు. వారు 2019లో గతించిరి. వారి పక్షము 2024లో మరియొక వామపక్షమున విలీనమయ్యెను.

అయినను నాయకుని నిరాడంబరత యొక్కటియే పక్షమును నిలుపజాలదు. 2009 ఎన్నికలలో ఓడిన పిదప ఇల్లెందు ఆ పక్షమునకు మరల చిక్కలేదు. 2013లో పక్షమే రెండుగా చీలెను. అన్నదమ్ములు వేరుపడి పొయ్యిలు రెండైన యింట ఖర్చు పెరిగి బలము తగ్గుట మనమెఱుగనిది కాదు. ఒకే కార్మికుని మేలుకోరు జెండాలు ఇన్నిగా చీలుటవలన నష్టపోవునది ఆ కార్మికుని యిల్లే.

సింగరేణి గుర్తింపు ఎన్నికలలో వోటు ఉద్యోగికే గాని అతని భార్యకు లేదు. ప్రమాదము జరిగిననాడు దుఃఖము మాత్రము ఆమెదే. శాసనసభ, లోక్‌సభ ఎన్నికలలో నామెకును వోటు గలదు. కావున బొగ్గుసీమ సోదరీమణులు వోటడుగ వచ్చినవారిని, ఏ జెండావారైనను, మూడు ప్రశ్నలు వేయవలెను. గని భద్రతను గూర్చి మీరు సభలో నేమి పలికితిరి? గెలిచిన పిదప మా వీథికి ఎన్నిమారులు వచ్చితిరి? మీలో మీరు కలహించునపుడు మా జీతముల సంగతి ఎవరు చూచిరి? పప్పులో రాళ్లేరునంత ఓపికతో జవాబులను పరీక్షించి, పిదపనే వోటు వేయుదురు గాక.