ఇంటికొకటే పింఛను: ఈ నియమం పేదలకేనా?

సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఎస్సీ రిజర్వుడు అసెంబ్లీ స్థానం. ఇక్కడి బస్తీల్లో భార్యాభర్తలిద్దరూ ముసలివాళ్లే అయినా ఆసరా వృద్ధాప్య పింఛను ఒక్కరికే వస్తుంది. ఇంటికొకటే అన్నది నియమం. 2019లో పెంచాక ఆ మొత్తం నెలకు 2,016 రూపాయలు. మరి వాళ్ల ఓట్లతో గెలిచినవారు ప్రభుత్వ ఖజానా నుంచి రెండు చేతులా తీసుకోవచ్చా?

పదవిలో ఉన్నంతకాలం చట్టం కొంత గట్టిగానే ఉంది. రాజ్యాంగం 101వ అధికరణ ప్రకారం ఒకే వ్యక్తి ఎంపీగా, ఎమ్మెల్యేగా కొనసాగడం కుదరదు. 14 రోజుల్లో అసెంబ్లీ సీటు వదులుకోకపోతే పార్లమెంటు సీటు పోతుంది. 102, 191 అధికరణలు లాభదాయక పదవులు చేపట్టిన సభ్యులను అనర్హులను చేస్తాయి. 2006లో జయా బచ్చన్ రాజ్యసభ సభ్యత్వం అలాగే పోయింది. జీతం నిజంగా తీసుకున్నారా లేదా అన్నది కాదు, తీసుకునే వీలున్న పదవా అన్నదే ముఖ్యమని సుప్రీంకోర్టు తేల్చింది. అయితే ఏ పదవికి మినహాయింపు ఇవ్వాలో చట్టసభలే చట్టం చేసుకోవచ్చు. మొదటి సందు అదే.

రెండో సందు పింఛన్లలో ఉంది. 1954 నాటి ఎంపీల జీతాల చట్టం ప్రకారం, మాజీ ఎంపీ ఎమ్మెల్యేగా గెలిస్తే ఆ కాలానికి ఎంపీ పింఛను ఆగుతుంది. కానీ రెండు సభల్లోనూ మాజీ అయ్యాక, మరో పింఛను ఉన్నా ఎంపీ పింఛను అదనంగా ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది. 2023 ఏప్రిల్ నుంచి ఎంపీ కనీస పింఛను 31,000 రూపాయలు.

చట్టసభ సభ్యులకు జీతమే వద్దని మేం అనడం లేదు. బ్రిటన్ ఎంపీలకు 1911 దాకా జీతం లేదు. కార్మికులు సభకు రావాలంటే జీతం ఉండాలన్నది అక్కడి కార్మికోద్యమం డిమాండు. జీతం లేకపోతే రిజర్వుడు స్థానం నుంచి కూలి బిడ్డ గెలిచినా సభలో నిలబడలేడు. భూస్వాములు, కాంట్రాక్టర్లే మిగులుతారు.

అందుకే మేం అడిగేది ఒక మనిషికి ఒకే రాబడి. ఎన్నిసార్లు గెలిచినా మాజీ ఎమ్మెల్యేకు ఒకే పింఛనని పంజాబ్ 2022లో చట్టం చేసింది. తెలంగాణ కూడా ఆ పని చేయాలి. ఎంపీ పింఛను తీసుకునేవారికి రాష్ట్ర పింఛను ఆపాలి. ఆసరాలో లెక్క ఇంటికి కాదు, మనిషికి కట్టాలి. ముసలితనం ఆ ఇంట్లో ఇద్దరికీ వచ్చింది.