వాట్లు ఎన్ని? ఎన్ని ఓమ్‌ల వద్ద?

కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో మైకు సెట్టు మీకే అప్పగించారనుకోండి. ఆంప్లిఫయరు మీద "8 ఓమ్‌ల వద్ద 100 వాట్లు" అని ఉంది. ఓల్టేజి వర్గాన్ని అవరోధంతో భాగిస్తే సామర్థ్యం వస్తుంది. అంటే ఆ ఆంప్లిఫయరు సుమారు 28 ఓల్టుల వద్ద 3.5 ఆంపియర్లు ఇవ్వగలదన్నమాట.

జనం పెరిగారని నాలుగు 8 ఓమ్‌ల స్పీకర్లను సమాంతరంగా కలిపితే, మొత్తం అవరోధం 2 ఓమ్‌లే. అదే ఓల్టేజికి ఇప్పుడు 14 ఆంపియర్లు కావాలి. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కాలేది, తీర్థం మధ్యలో మైకు మూగబోయేది ఇక్కడే. ఆ నాలుగింటినే రెండేసి చొప్పున శ్రేణిలో వేసి, ఆ రెండు జతలను సమాంతరంగా కలపండి. మళ్లీ 8 ఓమ్‌లే. ఒక్కొక్క స్పీకరుకు 25 వాట్లు.

మల్టీమీటరు పెడితే 8 ఓమ్‌ల స్పీకరు 6 చిల్లర చూపవచ్చు. కంగారు పడకండి, అది తీగచుట్ట నిరోధం. అవరోధం పౌనఃపున్యాన్ని బట్టి మారుతుంది. ఇక అట్టపెట్టె మీద వేల వాట్లలో వేసే పీఎంపీఓ అంకెను నేనైతే లెక్కలోకే తీసుకోను. ఆర్‌ఎంఎస్ వాట్లు ఎన్నో చూడండి.